ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి జట్టు: ఐర్లండ్ హర్లింగ్ మనకు చెప్పే కథ

హర్లింగ్ అనే ఆట పేరు మనలో ఎంతమంది విని ఉంటారు? క్రికెట్ అంటే మనం చెవి కోసుకుంటాం. జర్మనీ వచ్చాక ఫుట్‌బాల్ సంగతులు తెలియకపోతే ఆఫీసులో కాఫీ మిషను దగ్గర మాటలు కలవవు కాబట్టి, అవీ ఎలాగో నేర్చుకున్నాం. హర్లింగ్ మాత్రం మన చెవిన పడే అవకాశం తక్కువ. ఐర్లండ్‌లో పుట్టి, ఐర్లండ్ వాళ్ళు ఎక్కడికి వలస వెళ్తే అక్కడికి వాళ్ళ వెంటే వెళ్ళిన ఆట ఇది. అంత దూరం ఎందుకు, మన పక్కనే మ్యూనిక్‌లో కాల్మ్‌కిల్స్ అనే ఐరిష్ ఆటల క్లబ్బు ఉంది. గార్చింగ్‌లో యు-6 మెట్రో ఎక్కితే అరగంటలో వెళ్ళిపోయే నగరంలో, మనకు తెలియకుండానే ఈ ఆట ఆడుతున్నారన్నమాట!

ఆట చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, నిజమే. కానీ నేనీ వ్యాసం రాయడానికి కారణం వేరే ఉంది. "మనం ఏ ఊరి వాళ్ళం?" అనే ప్రశ్న ప్రతి ప్రవాస కుటుంబంలోనూ ఏదో ఒక రోజు వస్తుంది. హర్లింగ్ వాళ్ళు ఆ ప్రశ్నకు ఆటతోనే జవాబు చెప్పుకున్నారు. ఆ జవాబు మనకూ పనికొస్తుందని నా నమ్మకం.

మా ఇంట్లో శనివారం సమస్య

మేం గార్చింగ్ వచ్చి 14 ఏళ్ళయింది. మా అబ్బాయికి 12 ఏళ్ళు, అమ్మాయికి 9. శనివారం ఉదయం పిల్లలకు తెలుగు క్లాసు. అదే సమయానికి మా వాడు ఆడే స్థానిక క్లబ్బులో ఫుట్‌బాల్ మ్యాచ్‌లు. "మ్యాచ్ మానేస్తే నా టీం వాళ్ళు ఏమనుకుంటారు నాన్నా?" అని వాడు. "వాడు తెలుగు మానేస్తే ఊళ్ళో అమ్మమ్మతో ఏ భాషలో మాట్లాడతాడండీ?" అని మా ఆవిడ. ఇద్దరిదీ న్యాయమే. మధ్యలో నేను. కంప్యూటర్ ప్రోగ్రాములో రెండు పనులు ఒకే సమయానికి పడితే ఏం చెయ్యాలో చదువుకున్నాను గానీ, ఇంట్లో పడితే ఏం చెయ్యాలో ఏ మాస్టర్స్ డిగ్రీలోనూ చెప్పలేదు!

ఇలాంటి రోజుల్లో మా ప్రాజెక్టులోకి లిమరిక్ నుంచి ఒక సహోద్యోగి వచ్చాడు. మధ్యాహ్న భోజనాల దగ్గర మా ఇంటి గొడవ విని నవ్వి, "మా దేశంలో ఈ ప్రశ్నే రాదు. నువ్వు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి జట్టుకే ఆడతావు" అన్నాడు. అదేమిటని అడిగితే హర్లింగ్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నెల రోజులు చెబుతూనే ఉన్నాడు. ఆ తర్వాత నేనూ చదివాను, చూశాను. ఆ సారాంశమే ఇది.

అసలు ఏమిటీ ఆట?

ఒక్కో వైపు 15 మంది. చేతిలో మూడడుగుల లోపు కర్ర, చివర అరచెయ్యిలా వెడల్పుగా ఉంటుంది. దాన్ని ఇంగ్లీషులో హర్లీ అనీ, ఐరిష్ భాషలో కమాన్ అనీ అంటారు. బంతి పేరు ష్లిటర్. క్రికెట్ బంతికి దగ్గర సైజులో, తోలు తొడుగుతో, పైకి లేచిన కుట్లతో ఉంటుంది. మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు. అంటే మన ఫుట్‌బాల్ మైదానం కంటే బాగా పెద్దది.

గోలు స్తంభాలు ఇంగ్లీషు 'హెచ్' అక్షరంలా ఉంటాయి. అడ్డకర్ర కింద నుంచి బంతి వలలో పడితే గోలు, దానికి 3 పాయింట్లు. అడ్డకర్ర పై నుంచి స్తంభాల మధ్యగా వెళ్తే 1 పాయింటు. బంతిని నేల మీద కొట్టవచ్చు, గాలిలో కొట్టవచ్చు, చేత్తో పట్టుకోవచ్చు. కానీ నేల మీదున్న బంతిని చేత్తో తియ్యకూడదు, కర్రతోనో కాలితోనో లేపాలి. చేతిలో పట్టుకుని నాలుగు అడుగులు మించి వెయ్యకూడదు. దూరం పోవాలంటే బంతిని కర్ర చివర నిలబెట్టుకుని పరుగెత్తాలి! చిన్నప్పుడు మనం చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తే పందెం గుర్తుందా? అదే పందెం, పక్కన నలుగురు కర్రలతో అడ్డం పడుతుండగా అనుకోండి.

ప్రమాదం కాదా అని తల్లులకు అనుమానం వస్తుంది. ముఖం కాపాడే కమ్మీలున్న హెల్మెట్ 2010 నుంచి అందరికీ తప్పనిసరి చేశారు. ఆడపిల్లలు ఆడే ఇదే ఆటను కమోగీ అంటారు. దాని సంఘం 1904లో ఏర్పడింది. కమోగీ అమ్మాయిలు పొట్టి లంగా లాంటి స్కార్టే వేసుకోవాలన్న పాత నియమం మీద ఆటగత్తెలే గట్టిగా పోరాడి, 2025 మే నెలలో షార్ట్స్ వేసుకునే హక్కు తెచ్చుకున్నారు. మా అమ్మాయికి ఈ సంగతి తెగ నచ్చింది.

2018లో యునెస్కో హర్లింగ్‌ను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

కర్రకు పుట్టువంపు

హర్లీని యాష్ అనే చెట్టు కలపతో చేస్తారు. జర్మన్‌లో ఎషె అంటారు, మన ఈసర్ నది ఒడ్డున కూడా ఉంటాయి. చెట్టు మొదలు దగ్గర, మాను వేళ్ళలోకి తిరిగే చోట కలప సహజంగా వంపు తిరుగుతుంది. ఆ వంపులోంచి కర్ర కోస్తే పొరలు తెగకుండా చివరి దాకా నడుస్తాయి, దెబ్బకు విరగదు. మన ఊళ్ళలో వడ్రంగి నాగలికి పుట్టువంపు ఉన్న తుమ్మకొయ్య కోసం వెతికేవాడు కదా, అచ్చం అదే తెలివి. ఎక్కడి రైతుకైనా కొయ్య చెప్పే పాఠం ఒకటే.

ఇప్పుడు ఆ చెట్టుకే కష్టకాలం వచ్చింది. ఒక శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు యూరప్ అంతా పాకి, 2012లో ఐర్లండ్‌లో బయటపడింది. కర్రల కోసం బయటి దేశాల కలప మీద ఆధారపడాల్సి వస్తోంది. ఇటీవలి ఏళ్ళలో కొందరు వెదురుతో హర్లీలు చేస్తున్నారు. వెదురు మాట వినగానే మా ఆవిడ "అయితే మనవాళ్ళు సరఫరా చెయ్యొచ్చు" అంది!

చట్టం వద్దన్నా ఆగని ఆట

ఇక్కడ చరిత్ర కొంచెం చెప్పాలి. 1366లో కిల్‌కెన్నీ పట్టణంలో ఇంగ్లీషు పాలకులు కొన్ని శాసనాలు చేశారు. ఇంగ్లండ్ నుంచి వచ్చి ఐర్లండ్‌లో స్థిరపడినవాళ్ళు హర్లింగ్ ఆడకూడదనేది వాటిలో ఒకటి. విలువిద్య నేర్చుకోండి, ఈ కర్రాట మానండి అన్నారు. అంటే ఏమిటి? వలస వచ్చినవాళ్ళు స్థానికుల ఆటలో ఎంతగా కలిసిపోయారంటే, దాన్ని ఆపడానికి చట్టం కావలసివచ్చింది! చట్టం పోయింది, ఆట మిగిలింది. ఈనాడు ఐర్లండ్ చాంపియన్‌షిప్‌ను అందరికంటే ఎక్కువగా, 36 సార్లు గెలిచిన కౌంటీ ఏదో తెలుసా? ఆ కిల్‌కెన్నీయే.

19వ శతాబ్దం మధ్యలో బంగాళాదుంప పంట తెగులుతో మహా కరువు వచ్చింది. లక్షల మంది చనిపోయారు, లక్షల మంది ఓడలెక్కారు. ఊళ్ళు ఖాళీ అయ్యాయి, ఆడేవాళ్ళు లేక హర్లింగ్ అంతరించిపోయే దశకు వచ్చింది. అప్పుడు మైకేల్ క్యూసాక్ అనే పంతులుగారు పూనుకున్నారు. 1884 నవంబరు 1న టిప్పరేరీ కౌంటీలోని థర్లస్‌లో, హేయిస్ హోటల్ బిలియర్డ్స్ గదిలో సమావేశం పెట్టారు. వచ్చినవాళ్ళుగా మామూలుగా చెప్పే పేర్లు ఏడు. అలా మొదలైన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను అందరూ జి.ఏ.ఏ. అంటారు. ఈ రోజు దాని కింద రెండు వేలకు పైగా క్లబ్బులున్నాయి.

అన్నట్లు, జర్మన్ చట్టం ప్రకారం ఒక సంఘాన్ని రిజిస్టరు చెయ్యడానికి కావలసిన సభ్యులు కూడా కనీసం ఏడుగురే. మన సంఘం మొదలైన రోజులు గుర్తున్న పెద్దలు ఈ మాట చదివి నవ్వుకుంటారని తెలుసు.

ఆ ఆటలతో స్వాతంత్ర్య పోరాటం కూడా కలిసిపోయింది. 1920 నవంబరు 21న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు. వాళ్ళలో టిప్పరేరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు. మైదానంలో ఒక స్టాండుకు ఇప్పటికీ ఆయన పేరే. అంతకు ఏడాదిన్నర ముందు జలియన్‌వాలాబాగ్ చూసిన మనకు ఆ దుఃఖం వేరే చెప్పనక్కర్లేదు. అదే క్రోక్ పార్క్‌లో ఈనాడు 82 వేల మంది కూర్చుని ఆట చూస్తారు.

ఊరే జట్టు, జీతం లేదు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హర్లింగ్‌లో ఆటగాళ్ళ వేలం లేదు. ఎవరికీ జీతం లేదు. ప్రతి ఊరికీ, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఒక చర్చి కింద ఉండే ప్రతి చిన్న ప్రాంతానికీ, ఒక క్లబ్బు ఉంటుంది. నువ్వక్కడ ఉంటే ఆ క్లబ్బుకే ఆడతావు. క్లబ్బులో బాగా ఆడితే నీ కౌంటీ పిలుస్తుంది. 82 వేల మంది ముందు ఆదివారం ఆడిన మనిషి సోమవారం పొద్దున స్కూల్లో పాఠం చెబుతూనో, పొలంలో పనిచేస్తూనో, పోలీసు యూనిఫాంలోనో కనిపిస్తాడు.

కిల్‌కెన్నీ మహావీరుడు హెన్రీ షెఫ్లిన్ ఐర్లండ్ చాంపియన్‌షిప్ పతకాలు 10 గెలిచాడు. ఆయన ఉద్యోగం బ్యాంకులో. ఆ జట్టుకు 1999 నుంచి 2022 దాకా మేనేజరుగా ఉండి 11 సార్లు కప్పు తెచ్చిన బ్రయన్ కోడీ బడిలో హెడ్మాస్టరు. మన ఐ.పి.ఎల్. వేలంపాటలు చూసి పెరిగే పిల్లలకు ఇది చెబితే "మరి డబ్బు లేకుండా ఎందుకు ఆడతారు?" అని అడుగుతారు. మా వాడూ అడిగాడు. "నువ్వు మీ టీంకు ఎందుకు ఆడుతున్నావురా?" అన్నాను. కాసేపు ఆలోచించి, "వాళ్ళు నా ఫ్రెండ్స్ కదా" అన్నాడు. జవాబు వాడి దగ్గరే ఉంది.

పోటీల సంగతి క్లుప్తంగా చెబుతాను. కౌంటీల మధ్య పెద్ద పోటీ ఆల్-ఐర్లండ్ సీనియర్ చాంపియన్‌షిప్, 1887 నుంచి ఉంది. దాని బహుమతి లియాం మెకార్థీ కప్పు. ఆట అంతగా పాతుకుపోని కౌంటీల కోసం కింద మరో నాలుగు అంతస్తులున్నాయి: జో మెక్‌డొనా, క్రిస్టీ రింగ్, నికీ ర్యాకర్డ్, లోరీ మెహర్ కప్పులు. అంటే చిన్న జట్టుకు కూడా క్రోక్ పార్క్‌లో ఫైనల్ ఆడే దారి ఉంటుంది. 2018లోనూ, మళ్ళీ 2020 నుంచి 2023 దాకా వరుసగా నాలుగేళ్ళూ లిమరిక్ గెలిచింది (మా సహోద్యోగి ఆ సంగతి రోజుకోసారి గుర్తు చేస్తాడు). 2024లో క్లేర్, 2025లో టిప్పరేరీ గెలిచాయి. ఒకప్పుడు సెప్టెంబరులో జరిగే ఫైనల్ ఇప్పుడు జూలైలో జరుగుతుంది. ఎందుకంటే, ఏడాదిలో రెండో సగం క్లబ్బులకు వదిలిపెట్టాలి. కౌంటీ ఎంత పెద్దదైనా ఊరి క్లబ్బు తర్వాతే.

చిన్నపిల్లల పోటీల్లో ఇంకో మంచి పద్ధతి ఉంది. 12 ఏళ్ళ లోపు వాళ్ళకు 'గో గేమ్స్' అని పెడతారు. అక్కడ కప్పులుండవు, ర్యాంకులుండవు. బాగా ఆడినా ఆడకపోయినా వచ్చిన ప్రతి పిల్లవాడూ మ్యాచ్ మొత్తం ఆడాలి. రిజర్వు బెంచీ మీద కూర్చోబెట్టడం ఉండదు. "ఫస్ట్ ర్యాంకు ఎవరికి?" అని అడగకుండా నిద్రపట్టని మన తల్లిదండ్రులకు ఇది కాస్త కష్టమే!

లండన్‌లో పుట్టినవాడి పేరు మీద కప్పు

ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరికే ఆడాలంటే, దేశం విడిచి వెళ్ళినవాళ్ళ మాటేమిటి? ఇక్కడే నాకు ఈ కథ మన కథలా అనిపించింది.

ఐర్లండ్ వాళ్ళందరూ కలలుగనే ఆ కప్పు మీద పేరున్న లియాం మెకార్థీ ఐర్లండ్‌లో పుట్టలేదు. ఆయన 1853లో లండన్‌లో, కార్క్ నుంచి వలస వచ్చిన దంపతులకు పుట్టాడు. లండన్‌లో ఐరిష్ ఆటల సంఘాన్ని నడిపాడు. ఆయన ఇచ్చిన కప్పే 1921 చాంపియన్‌షిప్ నుంచి బహుమతి అయింది. ప్రవాసులకు పుట్టిన బిడ్డ పేరును స్వదేశం ఏటా తలకెత్తుకుంటోందన్నమాట. మన రెండో తరం పిల్లలను "వీళ్ళకేం తెలుసు మన సంగతులు" అని తీసిపారేసేవాళ్ళు ఒక్కసారి మెకార్థీని తలుచుకోవాలి.

ఇంకో విశేషం. 1901 చాంపియన్‌షిప్ గెలిచింది లండన్ జట్టు! ఆలస్యంగా 1903లో జరిగిన ఫైనల్లో కార్క్‌ను ఓడించారు. ఐర్లండ్ బయటి జట్టు ఆ పోటీ గెలవడం అదే మొదలు, అదే ఆఖరు. పగలు పనులు చేసుకుని, తీరిక వేళల్లో ఆడుకున్న వలసజీవులు సొంత దేశం వెళ్ళి గెలిచి వచ్చారు.

బయటి నుంచి వచ్చి మనవాళ్ళైనవారు

వెళ్ళినవాళ్ళ కథ ఇది. ఇక వచ్చినవాళ్ళ కథ.

షాన్ ఓగ్ ఓ హాల్పీన్ తండ్రిది ఐర్లండ్‌లోని ఫెర్మానా, తల్లిది ఫిజీ దీవుల్లోని రొటూమా. 1977లో అక్కడే పుట్టి, ఆస్ట్రేలియా మీదుగా 1988లో కార్క్ నగరం చేరాడు. అప్పటికి 11 ఏళ్ళు. ఫెర్మానాకూ ఫిజీకీ కూడా హర్లింగ్‌లో పెద్ద పేరు లేదు. కానీ ఉన్న చోట క్లబ్బులో కర్ర పట్టాడు, ఐరిష్ మాధ్యమంలో చదువుకున్నాడు. 2005లో కార్క్ కెప్టెన్‌గా కప్పు ఎత్తి, విజయోపన్యాసం మొత్తం ఐరిష్ భాషలో ఇచ్చాడు! ఐర్లండ్‌లో పుట్టినవాళ్ళలో చాలామంది చెయ్యలేని పని అది. ఆటా భాషా ఒకదానికొకటి అడ్డం కావని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

వెక్స్‌ఫర్డ్ ఆటగాడు లీ చిన్ తండ్రి మలేషియా చైనీయుడు. జట్టుకు కెప్టెన్‌గా కూడా చేశాడు. దారి మాత్రం నల్లేరు మీద నడక కాదు. మైదానంలో జాతి పేరెత్తి తిట్టినవాళ్ళున్నారు. ఆయన దాచుకోకుండా ఆ సంగతి బయటపెట్టాడు, ఆట మానలేదు. ఊరి ఆట ఆడగానే ఊరంతా అక్కున చేర్చుకుంటుందని పిల్లలకు చెబితే అబద్ధమవుతుంది. కానీ ఆడేవాడికి వెనక నిలబడే జట్టు ఒకటి ఉంటుంది. అది చిన్న విషయం కాదు.

జాక్ మొరాడీ కథ మరీ గొప్పది. ఇరాన్ నుంచి పారిపోయిన కుర్దు కుటుంబం అతనిది. 1991లో, గల్ఫ్ యుద్ధ సమయంలో, ఇరాక్‌లోని రమాదీ దగ్గర శరణార్థి శిబిరంలో పుట్టాడు. 2002లో, 11 ఏళ్ళప్పుడు ఆ కుటుంబానికి ఐర్లండ్ ఆశ్రయం ఇచ్చింది. చేరింది లీట్రిమ్ కౌంటీలోని క్యారిక్-ఆన్-షానన్ అనే చిన్న పట్టణం. బడిలో హర్లింగ్ పట్టుకున్నాడు. తర్వాత డబ్లిన్‌కు మారి అక్కడి క్లబ్బులో ఆడుతూనే, తనను మొదట చేర్చుకున్న లీట్రిమ్‌కు ఆడాడు. 2019లో లోరీ మెహర్ కప్పు ఫైనల్, క్రోక్ పార్క్‌లో. అదనపు సమయం దాకా వెళ్ళిన ఆ మ్యాచ్‌లో లీట్రిమ్ ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. ఓడిన జట్టు ఎవరిదో తెలుసా? ఇంగ్లండ్‌లోని లాంకషైర్! కుర్దు కుర్రవాడు ఐర్లండ్ కౌంటీకి, ఐరిష్ వలసవాళ్ళ ఆట నిలబెట్టిన జట్టు ఇంగ్లండ్ కౌంటీకి. ఎవరు ఏ ఊరి వాళ్ళో ఇప్పుడు చెప్పండి చూద్దాం.

తెలుగువాళ్ళకూ ఐర్లండ్‌కూ పాత చుట్టరికం

ఐర్లండ్ మనకు మరీ పరాయిదేం కాదు. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టి, తర్వాత రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. జి.ఏ.ఏ. క్రోక్ పార్క్ స్థలం కొన్నదీ ఆ ఏడే. అక్కడి స్వాతంత్ర్యోద్యమంతో సంబంధాలున్నాయన్న అనుమానం మీద 1916లో ఆయన ఆ దేశం విడిచి రావలసివచ్చింది. అటు నుంచి ఇటు వచ్చినవాళ్ళూ ఉన్నారు. రోస్‌కామన్ కౌంటీలోని బాయిల్‌లో పుట్టిన మార్గరెట్ కజిన్స్ గారు మన మదనపల్లెలో స్థిరపడ్డారు. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడికి వచ్చినప్పుడు 'జనగణమన'కు స్వరలిపి కూర్చడంలో సాయపడ్డది ఆవిడే. బాయిల్ ఊరు జాక్ మొరాడీ చేరిన క్యారిక్‌కు పక్కనే. వచ్చిన చోట చేతనైనది ఇచ్చి ఆ చోటికి సొంతమవడం కొత్త సంగతేమీ కాదు.

మ్యూనిక్ మైదానంలో ఒక ఉదయం

ఇంత విన్నాక చూడకుండా ఉండలేం కదా! ఒక ఆదివారం పిల్లలిద్దరినీ తీసుకుని మ్యూనిక్‌లో ప్రాక్టీసు చూడ్డానికి వెళ్ళాం. కాల్మ్‌కిల్స్ క్లబ్బులో హర్లింగ్, కమోగీ, గేలిక్ ఫుట్‌బాల్ అన్నీ ఉన్నాయి. పేరు 6వ శతాబ్దపు ఐరిష్ సన్యాసి కోలమ్‌కిల్ మీద పెట్టారు. మ్యూనిక్ అనే పేరుకు మూలం కూడా సన్యాసులే కాబట్టి బాగానే కుదిరింది!

యూరప్ ఖండం మీది క్లబ్బులన్నిటికీ కలిపి ఒక సంఘం 1999లో ఏర్పడింది. జర్మనీలోనే బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్, డార్మ్‌స్టాట్, హాంబర్గ్ లాంటి చోట్ల క్లబ్బులున్నాయి. 15 మంది దొరకడం కష్టం కాబట్టి చిన్న జట్లతో ఆడతారు. వారాంతంలో ఒకే ఊళ్ళో అందరూ చేరి టోర్నమెంటులా జరుపుకుంటారు. ఈ క్లబ్బుల్లో ఐర్లండ్ ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా ఆడతారు. ఫ్రాన్సులోని బ్రిటనీలో, స్పెయిన్‌లోని గలీసియాలో అయితే గేలిక్ ఫుట్‌బాల్ ఆడేది చాలావరకు స్థానికులే.

ఆ ఉదయం నేను గమనించింది అదే. మైదానంలో సూచనలు ఇంగ్లీషులో, తిట్లు జర్మన్‌లో, జోకులు రెండిట్లోనూ! మమ్మల్ని చూసి ఎవరూ "మీరు ఎక్కడి వాళ్ళు?" అని అడగలేదు. మా అమ్మాయి చేతికి ఒక పొట్టి కర్ర ఇచ్చి "కొట్టు" అన్నారు. మొదటి నాలుగు సార్లు గాలికే తగిలింది. అయిదోసారి బంతి లేచింది. నేను పక్కన నిలబడి "బిళ్ళంగోడులా ఆడమ్మా, ముందు లేపు, తర్వాత కొట్టు" అన్నాను. దాంతో పక్కనున్న కుర్రాడు బిళ్ళంగోడు అంటే ఏమిటని అడిగాడు. అక్కడే పుల్ల విరిచి ఆడి చూపించాను. పది నిమిషాల్లో నలుగురు పెద్దవాళ్ళు వరసలో నిలబడ్డారు!

తిరిగి వస్తూ ఆలోచనలో పడ్డాను. కోస్తాలో బిళ్ళంగోడు అన్నా, తెలంగాణలో చిర్రగోనె అన్నా, మన తరం ఆడిన ఆట. దానికి మన ఊళ్ళలో క్లబ్బు లేదు, పోటీ లేదు, క్యూసాక్ లాంటి పంతులు దొరకలేదు. మన పిల్లల్లో చాలామందికి దాని పేరు కూడా తెలియదు. హర్లింగ్ బతికింది కర్రలో ఉన్న మహిమ వల్ల కాదు. ఏడుగురు కూర్చుని దీన్ని నిలబెడదాం అనుకోవడం వల్లా, వచ్చినవాడి చేతికి కర్ర ఇచ్చి కొట్టమనడం వల్లా బతికింది.

పిల్లలూ, ఇది మీ కోసం

ద్రోణాచార్యుల కథ తెలుసు కదా! రాకుమారుల బంతి నూతిలో పడితే గడ్డిపరకలతో తీసి ఇచ్చాడు. ఐర్లండ్ పిల్లలకూ ఒక బంతి కథ ఉంది. సెటాంటా అనే చిన్నవాడు హర్లింగ్ ఆడుకుంటూ ఆలస్యంగా కులన్ అనే కమ్మరి ఇంటికి విందుకు వెళ్ళాడు. కాపలా కుక్క మీదికి దూకింది. సెటాంటా తన దగ్గరున్న కర్ర, బంతితోనే దాన్ని ఎదుర్కొన్నాడు. కుక్క చచ్చిపోయింది. కులన్ ఏడ్చాడు. అప్పుడు సెటాంటా ఏమన్నాడో తెలుసా? ఇంకో కుక్కపిల్ల పెరిగేదాకా నీ ఇంటికి నేనే కాపలా ఉంటానన్నాడు. అందుకే అతనికి కూ-హలన్, అంటే 'కులన్ గారి వేటకుక్క' అని పేరొచ్చింది. బలం చూపించిన చోటే బాధ్యత కూడా తీసుకున్నాడు కాబట్టి వీరుడయ్యాడు.

ఇప్పుడొక లెక్క. హర్లింగ్ స్కోరులో ముందు గోల్స్, తర్వాత పాయింట్లు రాస్తారు. 2024 ఫైనల్లో క్లేర్ 3-29, కార్క్ 1-34. ఎవరు గెలిచారు, ఎంత తేడాతో? గోలుకు 3 పాయింట్లని మర్చిపోకండి. నాన్నను అడగకుండా చెయ్యాలి!

చివరగా

గార్చింగ్ ఊరి చిహ్నం ఎప్పుడైనా పరీక్షగా చూశారా? వెయ్యేళ్ళకు పైబడిన రైతుల ఊరు ఇది. 1957లో ఇక్కడ జర్మనీ మొదటి పరిశోధన రియాక్టరు వచ్చింది. దాని గుండ్రటి కప్పును జనం 'అణుగుడ్డు' అన్నారు. ఊరు దాన్ని తన చిహ్నంలోనే పెట్టుకుంది. దాని వెనకే విశ్వవిద్యాలయం వచ్చింది, పరిశోధన సంస్థలు వచ్చాయి, 2006లో యు-6 మెట్రో ఆ క్యాంపస్ దాకా వచ్చింది, మనమూ వచ్చాం. కొత్తగా వచ్చినదాన్ని గుండె మీద పెట్టుకున్న ఊళ్ళో ఉంటూ, మన పిల్లలను "నువ్వు ఈ ఊరివాడివి కాదు" అన్నట్లు పెంచడం నాకు సబబుగా తోచలేదు. అలాగని అమ్మమ్మ భాష వదులుకోవడమూ సబబు కాదు.

అందుకే తెలుగు క్లాసు చెప్పే మాస్టారితోనూ మిగతా తల్లిదండ్రులతోనూ మాట్లాడాం. మా ఒక్క ఇంట్లోనే ఈ సమస్య అనుకుంటే, ఎనిమిది ఇళ్ళలో ఉందని తేలింది. ఇప్పుడు క్లాసు శుక్రవారం సాయంత్రం. శనివారం పిల్లలు వాళ్ళ ఊరి జట్టుకు ఆడుతున్నారు. మాస్టారు కూడా ఒకసారి మ్యాచ్ చూడ్డానికి వచ్చి, గోలు పడగానే "శెభాష్ రా!" అని కేకేశారు. జట్టులో ఇద్దరు జర్మన్ పిల్లలు ఆ మాట పట్టేశారు. ఇప్పుడు గోలు పడితే అందరూ "శెభాష్" అంటున్నారు.

సంఘం పెద్దలకు ఒక విన్నపం. వచ్చే వేసవి వనభోజనాలకు క్రికెట్‌తో పాటు ఒక గంట బిళ్ళంగోడుకు కేటాయిద్దాం. పక్కింటి జర్మన్ కుటుంబాలను పిలుద్దాం. ఐరిష్ క్లబ్బు వాళ్ళను నాలుగు కర్రలు పట్టుకుని రమ్మందాం. పులిహోర మనది, కర్రలు వాళ్ళవి, మైదానం ఈ ఊరిది. పుల్లలు చెక్కే బాధ్యత నాది. సాయానికి కావలసింది ఇంకో ఆరుగురు. పేర్లు ఇవ్వండి మరి!